గాలిదారి పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
గాలిదారి చూడ గంటయు పాతిక
నూరు లారు మాత్ర నోటిలెక్క
ఇల్లు విడిచి చేర నెన్నడో? పుష్పక
యాన మెక్కువాని నడుగు మన్న

అవతారిక: విశాఖవాసి ఒకడు ఏడుకొండలవాడి దర్శనానికని తిరుపతి విమానం టికెట్టు కొనబోతుంటే ఇరుగింటి పెద్దాయన చెప్పిన పద్యమిది.

టీక: అన్న = ఓ సోదరా; గాలిదారిన్ = ఆకాశమార్గమును; చూడన్ = లెక్కించగా; గంటయు పాతిక = గంటా ఇరవైఐదు నిమిషాలు; నూరులారు మాత్ర = సుమారు ఆరువందల కిలోమీటర్లే అని; నోటిలెక్క = అందరూ చెప్పేది; ఇల్లు విడిచి చేరన్ = గుమ్మం దాటి గమ్యం చేరుట; ఎన్నడో = ఏ పూటకో; పుష్పకయానము ఎక్కువానిన్ = డబ్బు కట్టినవానిని; అడుగుము.

తాత్పర్యం: విమానానికి పట్టే కాలం వేరు, మనిషికి పట్టే కాలం వేరు.

విశేషాలు: ఆరువందలన్నది భూగోళం మీద నూలు బిగించి పట్టినట్టు కొలిచిన దూరం. విమానం ఆ నూలు వెంట పోదు. గాలికి ఎదురుగా లేచి, నిర్ణీత వాయుమార్గం అందుకొని, రేణిగుంట రన్‌వేకి సూటిగా తిరిగి దిగాలి. గంటకు 800 కిలోమీటర్లు పోయే జెట్‌కు 45 నిమిషాలు చాలవా అని పూర్వపక్షం. చాలవని సిద్ధాంతం. టైంటేబుల్లో కాలం చక్రాలు కదిలింది మొదలు మళ్ళీ ఆగేవరకు. పైకెక్కేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ ఆ వేగం ఉండదు. గంటకు 500 పోయే ఏటీఆర్ అయితే ఆకాశంలోనే గంటా పన్నెండు నిమిషాలు.

పద్యంలో యతి నాలుగో గణం మీద పడింది, బాగుంది. నేరు విమానం దొరకని రోజున ప్రయాణంలో యతి శంషాబాదు మీద పడుతుంది. పడమటికి సుమారు 510, అక్కణ్ణుంచి దక్షిణానికి 420, వెరసి 930 కిలోమీటర్లు. నడుమ నిరీక్షణ రెండు గంటలో, నాలుగు గంటలో. ఇంత దీర్ఘయతి ఏ లాక్షణికుడూ ఒప్పుకోడు. టికెట్టు చౌక అయితే మనం ఒప్పుకుంటాం.

పుష్పకంలో ఎందరెక్కినా ఒకరికి చోటు మిగిలేదట. కనుక ఇక్కడ ఆ పదం అతిశయోక్తి.

పాఠాంతరం: అవతారికలో ‘విశాఖ’ అన్నచోట ‘భోగాపురం’ అని నవీనుల పాఠం. అక్కడి కొత్త విమానాశ్రయం నగరానికి నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఆ పాఠం గ్రహిస్తే గాలిదారి పెద్దగా పెరగదు, గాజువాక వాడి కారు బాడుగ పెరుగుతుంది.

ఇక మూడో పాదం. ఇంటి నుంచి విమానాశ్రయానికి గంట, అక్కడ గంటన్నర, గాలిలో గంటా పాతిక, సంచి కోసం అరగంట, రేణిగుంట నుంచి ఊళ్లోకి మరో అరగంట: దాదాపు అయిదు గంటలు. రైలుకు పదమూడు, పద్నాలుగు పడుతుంది కనుక విమానమే గెలిచింది. అయితే ప్రకటించుకున్నంత తేడాతో కాదు.

ఫలశ్రుతి: ఈ టీక చదివినవారు ఆధార్ కార్డు చేతబట్టుకొని పెందలాడే బయలుదేరండి. సామాను ఇచ్చే కౌంటరు గంట ముందే మూసేస్తారు.