పొట్ట కరగు పద్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

వశిష్ఠా గోదావరికి ఈవల సఖినేటిపల్లి, ఆవల నరసాపురము, నడుమ పంటు. గల్ఫు దేశములలో కష్టపడిన ఆడపడుచులు పంపిన సొమ్ముతో ఈ సీమలో డాబాలు లేచినవి. డాబాలలోనికి గోడంత టీవీలు వచ్చినవి. టీవీ ముందర సోఫా, సోఫాలో మనిషి, మనిషికి పొట్ట. ఈ వరుసను చూచి ఓర్వలేక ఎవరో కవి, పొట్టను పెంచిన టీవీతోనే దానిని తీయవచ్చునని ఈ పద్యము చెప్పెను. కవి పేరు తెలియదు. కోడలు కట్టినదని అత్తగార్లును, అత్తగారు కట్టినదని కోడళ్ళును అందురు. ఆట మాటను ఆటవెలదిలో చెప్పుట చేత ఛందస్సు ఎరిగినవారని మాత్రము నిశ్చయింపవచ్చును.

మూలము

తెరను చూచి బొమ్మ తిప్పిన యట్టుల
కాలు చేయి విసిరి గంతులిడుము
నిత్య మర్ధఘంట నిష్ఠతో నాడిన
పొట్ట కరగు, మాను పూతరేకు

ప్రతిపదార్థము

తెరను = టీవీ తెరను; చూచి = రెప్ప వేయక చూచి; బొమ్మ = ఆ తెరలో ఆడు, కన్నుముక్కులు లేని రంగుల బొమ్మ; తిప్పిన అట్టుల = ఎటు తిప్పిన అటు; కాలు చేయి = కాళ్ళను చేతులను; విసిరి = పక్కన మనుమడు గాని, గాజు సామాను గాని లేకుండ చూచుకొని విసిరి; గంతులు ఇడుము = ఎగురుము; నిత్యము = పండుగపూట సైతము; అర్ధఘంట = అరగంట (గుడిగంటలో సగమని ఒకరు చెప్పిన అర్థము అగ్రాహ్యము); నిష్ఠతోన్ = సీరియలు వచ్చు వేళయైనను; ఆడినన్ = ఆడినచో; పొట్ట = ఉదరము; కరగు = కరగును; పూతరేకు = పూతరేకును; మాను = తినకుము.

తాత్పర్యము

టీవీలో డాన్సు ఆట పెట్టుకొని రోజూ అరగంట ఆడినచో పొట్ట తగ్గును, పూతరేకులు మానవలెను. చదువరి ఇక్కడ లేచిపోయినను నష్టము లేదు. టీకాకారునికి మాత్రము పని యుండదు.

టీక

‘తెరను చూచి బొమ్మ తిప్పిన యట్టుల’ అనుచోట బొమ్మ యెవరు, తిప్పుట యెట్లు అని విచారింపవలెను. ఈ విద్యకు ఆదిపీఠము జపాను. 1998లో కొనామి సంస్థ ‘డాన్స్ డాన్స్ రెవల్యూషన్’ అను యంత్రమును ఆటశాలలలో నిలిపెను. నేలపై నాలుగు దిక్కుల బాణపు గుర్తులుండును. తెరపై బాణములు క్రింది నుండి పైకి లేచి, పైయంచున నున్న గుర్తును తాకిన క్షణమున, అదే దిక్కు బాణమును కాలితో త్రొక్కవలెను. మరుసటి యేడే ఇంట పరచుకొను చాప వచ్చెను. ఇందు చేతులకు పనియే లేదు. పిమ్మట 2009లో ఫ్రాన్సు దేశపు యుబిసాఫ్ట్ సంస్థ ‘జస్ట్ డాన్స్’ తెచ్చినది. దానితో వ్యవహారము తలక్రిందులయ్యెను. ఆ యాటను అప్పుడు నింటెండో వీ యంత్రముపై ఆడెడివారు. కుడిచేతిలోని రిమోటు కదలికయే దానికి లెక్క, కాళ్ళు ఉన్నవో లేవో దానికి తెలియదు. పడక కుర్చీలో ఒరిగి చేయి మాత్రము తాళమునకు విసరినను తెర ‘పర్ఫెక్ట్’ అని మెచ్చుకొనును. చేయి చూచి మురిసిపోవు గురువునకు కాలు ఎగవేయు శిష్యులు లెక్కకు మిక్కిలిగా దొరకిరి.

ఈ లోపము తీర్చుటకే కాబోలు, 2010లో మైక్రోసాఫ్ట్ వారు కినెక్ట్ అను కెమెరాను తెచ్చిరి. అది పరారుణ కిరణములు పరపి ఒడలెల్ల కనిపెట్టెడిది. దానికై హార్మోనిక్స్ వారు ‘డాన్స్ సెంట్రల్’ చేసిరి. అందు నడుము తిరుగకున్న నడుమును, మోకాలు వంగకున్న మోకాలిని తెరయే ఎఱ్ఱగా చూపెడిది. ఇంత నిక్కచ్చి గురువు ఎంతకాలము నిలుచును? 2017లో కినెక్ట్ తయారీ నిలిచిపోయెను. ఇప్పుడు చేతిలో ఫోను పట్టుకొన్న చాలును, మరల చేయి చూచు గురువే వచ్చి కూర్చున్నాడు.

అందుచేతనే కవి ‘కాలు చేయి’ అని కాలిని ముందు చెప్పెను. ఇది ఛందస్సు కొరకు కాదు. తొడలలోను పిరుదులలోను ఉన్న కండరములు దేహమున మిక్కిలి పెద్దవి. అవి కదలిననే శక్తి మెండుగా ఖర్చగును. చేతి ఊపునకు మార్కులు వచ్చును, కాలి గంతునకు ఆయాసము వచ్చును. కవి కోరినది ఆయాసము.

ఇది నృత్తమా, నృత్యమా యని శంక. అర్థముతో, అభినయముతో పని లేక తాళమునకు అంగములు కదల్చుట నృత్తము. బొమ్మకు ముఖమే లేనప్పుడు అభినయ మెక్కడిది? కావున నృత్తమే. ఇక మార్గమా, దేశియా? కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయపుడు 1253–54 నాటి తన నృత్తరత్నావళిలో మొదటి నాలుగు అధ్యాయములు మార్గమునకును, తక్కిన నాలుగు దేశికిని ఇచ్చెను. ఏ దేశపు జనులు వారికి నచ్చినట్లు ఆడునది దేశి. జపానున పుట్టి, ఫ్రాన్సున మారి, సఖినేటిపల్లి హాలులో నైటీపై చున్నీ బిగించి ఆడబడు దీనిని దేశిలో చేర్చుటకు జాయపుడు అభ్యంతరపడడని మా నమ్మకము. ఏనుగులను తిప్పినవాడు, మనుషుల బరువు ఎరుగనివాడు కాడు.

‘నిత్య మర్ధఘంట’ అనుట ప్రమాణబద్ధము. పెద్దలు వారమునకు 150 నుండి 300 నిమిషములు ఓ మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. నిత్యము అరగంట యన్నచో 210. కవి ఆదివారము విడువకుండుట చేత లెక్క ఆ రెండంకెల నడుమ చక్కగా కుదిరెను. లోకమున దీనిని పెద్దయెత్తున నమ్మినవారును కలరు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రమువారు తమ 765 ప్రభుత్వ పాఠశాలలలో ఈ బాణముల ఆటను పెట్టుదుమని 2006లో ప్రకటించిరి. అచ్చటి విశ్వవిద్యాలయమువారు అధిక బరువు గల బాలలచేత 12 వారములు ఆడించి, వారి రక్తనాళముల తీరును ఊపిరి సత్తువయు మెరుగైనవని 2009లో వ్రాసిరి. ఆ మెరుగు ఆటవలననే వచ్చినది, దానిని తక్కువ చేయరాదు. కాని పద్యము రక్తనాళమును చెప్పలేదు, పొట్టను చెప్పినది. పొట్ట లెక్క వేరు, ముందు చెప్పెదము.

‘నిష్ఠతో’ అనునది ఈ పద్యమునకు ప్రాణము. ఇచట పూర్వపక్షి లేచి అడుగును: ‘అయ్యా, గోదావరి గట్టున్నది, కొబ్బరితోటల నీడ యున్నది, ఖర్చు లేని నడకను విడిచి ఈ యంత్రమేల?’ ఈ ప్రశ్న అడిగినవాడు మగవాడై యుండును, లేదా పట్టణవాసియై యుండును. పల్లెలో పని లేక నడచు స్త్రీకి త్రోవ పొడుగునా సంజాయిషీ యున్నది. మొదటి అరుగు మీదనుండి ‘ఎక్కడికండీ, పొద్దున్నే బయల్దేరారు?’ అని వచ్చును. ఎక్కడికీ కాదన్నచో రెండవ అరుగు ‘ఇంట్లో ఏవైనా గొడవా అండి?’ అని ఆరా తీయును. ఒళ్ళు తగ్గుటకన్నచో మూడవ అరుగు ‘సుగరొచ్చిందంట’ అని ఊరంతకు చెప్పును. వీరిని దాటినను, వెనుకనుండి మోటారుసైకిలుపై వచ్చు దూరపు చుట్టము బండి ఆపి, ‘ఆయ్, మేవుండగా మీరు నడవటవేంటండీ, ఎక్కండి’ అనును. మర్యాద గల సీమ. ఎక్కకున్న కోపము, ఎక్కిన వ్యాయామము లేదు. తలుపు వేసికొని టీవీ ముందు ఎగురువారిని అడుగువారు లేరు. ఈ యంత్రము కరిగించు కేలరీల కంటె, అడ్డగించు ఈ ప్రశ్నలే మాకు ఘనముగా తోచుచున్నవి.

పూర్వపక్షి ఊరుకొనక ‘అట్లయిన కోలాటము?’ అనును. ఇది బలమైన ప్రశ్న. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణము మాఘ శుద్ధ దశమి రాత్రి జరుగును. ఉత్సవములనగనే ఒకే రంగు చీరలు కట్టి కోలాటము వేయు బృందములు గోదావరి జిల్లాలలో ఊరూర నున్నవి. జాయపుడు దేశిలో చెప్పిన దండరాసకమునకు ఇది దగ్గర చుట్టము. కాళ్ళకు, చేతులకు, ఊపిరికి, భక్తికి, కబుర్లకు సైతము పని కలదు. కరెంటు పోయినను ఆగదు. ఆడగలవారు కోలాటమునకే పోవలెనని మేమును ఒప్పుకొందుము. అయితే కోలాటమునకు జత కావలెను, అడుగు తప్పిన పక్కవారి వ్రేళ్ళపై కర్ర పడును. ఇరువదియేండ్లుగా గంతు వేయని మనిషి మొదటిరోజే గుడిముందు వెన్నెలలో పదిమంది నడుమ నిలువ సిగ్గుపడును. తెరలోని బొమ్మ నవ్వదు, ముఖము లేదు గనుక. ఇంట మూడు నెలలు ఎగిరి, ఊపిరి కుదిరిన పిమ్మట కర్రలు పట్టుట ఉత్తమ పక్షము.

అధికారి నిర్ణయము. మోకాళ్ళు నొచ్చువారు, గుండెజబ్బు గలవారు, వైద్యుని అడిగి గాని మొదలిడరాదు. గంతు వేయకయే అడుగు మార్చి ఆడుట వారికి మేలు. నున్నని టైల్సుపై సాక్సుతో ఎగురుట, తడికాళ్ళతో చాపపై ఎగురుట ఎవరికిని చెల్లదు.

‘పొట్ట కరగు’. కరిగినదని తెలియుట యెట్లు? నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు చెప్పిరి. తెరపై ఆట చివర కనబడు కేలరీల అంకె అనుమానము. చేతి ఊపును చూచి దేహమంతటిని ఊహించిన అనుమానము గనుక దుర్బలము. ‘మా వదిన కూడా ఇదే ఆడిందండి, ఎంత సన్నబడిందో’ అనునది ఉపమానము. ప్రకటనలు శబ్దము. దర్జీ టేపు ఒక్కటే ప్రత్యక్షము. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటరాదని భారతీయులకు వైద్యులు గీచిన గీత. టేపును ఊపిరి బిగబట్టి చుట్టుకొనుట ప్రత్యక్షమున దొంగతనము.

చెమటను ప్రమాణముగా గొనువారు కొందరు. కోనసీమ వేసవి ఉక్కలో ఊరక కూర్చున్నను చెమట కారును. గాలిలో తడి యెక్కువ గనుక అది ఆరదు, కావున ఆట బ్రహ్మాండముగా జరిగినట్లు తోచును. వెంటనే తూకపు యంత్రమెక్కిన కొంత తగ్గియే యుందురు. పోయినది నీరు. ఒక బొండము త్రాగిన తిరిగి వచ్చును, త్రాగవలెను కూడ.

ఇక లెక్క. ఊరక కూర్చున్న దేహము కిలో బరువునకు గంటకు సుమారు 1 కేలరీ ఖర్చు చేయును. మోస్తరు గంతులకు ఐదింతలనుకొందము. 70 కిలోల మనిషి అరగంట ఆడిన 175. అందులో సోఫాలో ఉన్నను ఎటులైనను పోయెడి 35 తీసివేయగా ఆటవలన పోయినది 140. కిలో కొవ్వు కరగుటకు సుమారు 7700 కావలెను. అనగా 55 దినములు నిష్ఠతో నాడిన ఒక కిలో, అదియు తిండి ఇసుమంతయు పెరుగకున్నచో. శివరాత్రికి మొదలిడినవారు ఉగాదికి ఏమియు కానరాక రిమోటును అటుక మీద పెట్టుట ఈ లెక్క తెలియకనే.

‘మాను పూతరేకు’. ఇచట పాఠాంతరము కలదు. ‘పొట్ట కరగు నట్లె పూతరేకు’ అని కొన్ని ప్రతులలో నున్నది. నోట పూతరేకు కరగినట్లు పొట్ట కరగునని దాని భావము. ఉపమ సొగసైనది, యతి చెడలేదు, గణములు సరిపోయినవి. ఈ పాఠమే తీపి తినువారి ఇండ్లలో ప్రచారమందున్నది. అయినను అగ్రాహ్యము. ఏలయన ఆత్రేయపురపు పూతరేకున (దీనికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినది) రేకు పాపము నిర్దోషి. పలుచని బియ్యపు పిండినీటిలో ముంచిన గుడ్డను కాలిన కుండపై పరచి తీసిన పొర అది, గాలికి ఎగిరిపోవును. లోపలనున్న నేయి బెల్లములే దోషులు. రెండు చెంచాల నేయి, అనగా 10 గ్రాములు, 90 కేలరీలు. 15 గ్రాముల బెల్లపు పొడి ఇంచుమించు 60. మొత్తము 150. ఆట తీసినది 140. ఒక్క రేకుతో అరగంట గంతులు చెల్లిపోయి, పైన 10 బాకీ. కావున మొదటి మూడు పాదములును అర్థవాదము, విధి ఈ నాలుగవ పాదపు చివరి రెండు మాటలే.

‘పూతరేకు’ అని ఏకవచనము వాడుట చేత, ఒక్కటి మానవలెను గాని రెండు తినవచ్చునని మా వీధిలో ఒక వ్యాకర్త వాదించెను. అది జాత్యేకవచనము. తాపేశ్వరము కాజాయు, సంక్రాంతి అరిసెయు, పెండ్లివారి లడ్డును ఇందే చేరును. మరి శ్రావణమున గోదావరికి ఎదురీది వచ్చు పులస మాటేమని అదే వ్యాకర్త అడుగుచున్నాడు. పులస తీపి జాతి కాదు, పద్యమున దాని పేరును లేదు. మూలమున లేనిది వ్రాయనని కోలాచలము మల్లినాథసూరి పట్టిన వ్రతమునే మేమును పట్టితిమి గనుక, పులసను గూర్చి ఏమియు చెప్పము.