చాటింపు మారథాన్

ఆంధ్రులు ఆరంభశూరులని ఎవరన్నారోగానీ, ఆ మాట పాతబడింది. ఇప్పుడు ఆరంభం కూడా అక్కర్లేదు, చాటింపు చాలు. "వచ్చే ఆగస్టులో ఫుల్ మారథాన్!" అని నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో వేసి, కింద పడిన చప్పట్లూ కండలు తిరిగిన చేతుల బొమ్మలూ లెక్కపెట్టుకుంటే సగం దూరం పరుగెత్తేసినట్టే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. మనం సోమలింగానికి రన్నింగ్ వాచీ కూడా కొనేశాం.

మొన్న ఆదివారం ఆ గాలి నాకూ సోకింది. నాకు 44 ఏళ్లు. లిఫ్టు చెడిపోయిన రోజున, నాలుగో అంతస్తుకు ఎక్కేలోపు ఫోను చూసుకునే నెపంతో రెండుసార్లు ఆగే మనిషిని. డల్లాస్‌లో ఉన్న మా బావమరిది మెడలో మెడల్‌తో ఫొటో పంపి, "బావా, నువ్వెప్పుడు?" అన్నాడు. కట్నం గురించి కూడా ఇంత సూటిగా మాట్లాడని కుటుంబం మాది. రోషం వచ్చింది. "ఏమంటావ్?" అని మా ఆవిణ్ని అడిగాను. "పరుగెత్తండి, కాదన్నానా? ముందు ఆ ట్రెడ్‌మిల్ మీద ఆరేసిన బట్టలు తీయండి" అంది.

అసలు మారథాన్ అంటే ఎంత దూరమో మన ఊళ్లో ఎవరికీ పట్టింపు లేదు. నాయకుడు జెండా ఊపి, కెమెరా కోసం ఇరవై అడుగులు పరుగెత్తి కారెక్కేస్తే అది "3కె మారథాన్". మంత్రులు రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంటే అవి "మారథాన్ చర్చలు". నిజం లెక్క 42.195 కిలోమీటర్లు. ఆ చిల్లర ఎందుకంటారా? 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో పరుగెత్తించింది దాదాపు 40 కిలోమీటర్లే. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న గ్యాలరీ ముందు ముగించారు. 1921లో ఆ దూరమే శాసనమైంది. పెద్దవాళ్ల కోసం మన దగ్గర జనాన్ని ఆపుతారు, అక్కడ జనాన్ని ఇంకాస్త పరుగెత్తించారు. దొరతనం ఎక్కడైనా దొరతనమే.

ఇక పంచాంగం తీద్దాం. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో. పీపుల్స్ ప్లాజా దగ్గర బయల్దేరి, ఫ్లైఓవర్లు ఎక్కీ దిగీ, గచ్చిబౌలి స్టేడియం చేరాలి. మొదటిసారి వాళ్లకు 16 నుంచి 20 వారాల శిక్షణ కావాలంటారు. అదీ అప్పటికే కొన్నాళ్లుగా వారానికి పాతిక కిలోమీటర్లదాకా పరుగు అలవాటున్నవాళ్లకి. ఆగస్టు నుంచి వెనక్కి లెక్కేయండి: ఏప్రిల్‌లో మొదలవ్వాలి. అంటే 42 కిలోమీటర్ల కోసం 42 డిగ్రీల్లో శిక్షణ. వైశాఖ మాసం, పెళ్లిళ్ల కాలం. శనివారం రాత్రి రెండు గంటల పదిహేడు నిమిషాలకు ముహూర్తం. అక్షింతలు వేసి, గుత్తివంకాయా బొబ్బట్లూ దట్టించి ఇల్లు చేరేసరికి నాలుగు. సరిగ్గా ఆదివారం లాంగ్ రన్ వేళకి! ఈ లోపు ఆవకాయ, మామిడిపళ్లు. ఆషాఢం వచ్చి పెళ్లిళ్లు ఆగేసరికి సగం వారాలు హరీ.

పెళ్లిళ్లు లేని రాత్రులేం మిగిలాయి? పదింటికి క్లయింటు కాల్, పన్నెండింటికి ఇంకోటి. మనవాడు పడుకునేది అమెరికా టైముకి, లేవాలనుకునేది బ్రాహ్మీ ముహూర్తానికి, పరుగెత్తాలనుకునేది కెన్యా లెక్కకి. మూడు ఖండాల్ని ఒక్క మోకాలి మీద మోయిస్తే అదేం చేస్తుంది పాపం, వాస్తుంది. కండరం గట్టిపడేది పరుగెత్తినప్పుడు కాదు, ఆ తర్వాత విశ్రాంతిలో. ఆ విశ్రాంతి మాత్రం ఏ షాపులోనూ డిస్కౌంటులో దొరకదు. అందుకే దాన్ని వదిలేసి, దొరికేవన్నీ కొంటాం.

బూట్లు ఇరవై వేలు. వాచీ ముప్పై వేలు. గుండె ఎలా కొట్టుకుంటుందో ఆ వాచీ చెబుతుంది, ఆ గుండె ఇంత శ్రమ తట్టుకోగలదో లేదో చెప్పదు. నలభై దాటి, బీపీయో షుగరో ఉన్నా, ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు వచ్చి ఉన్నా ముందు డాక్టరుకు చూపించుకోవాలి. ఆ మాటంటే, "టీఎంటీ గుండె పరీక్షకి అన్ని వేలా!" అని గుండెలు బాదుకుంటాం. బూట్ల దగ్గర బేరమాడని చేతులే అవి.

తటపటాయించేవాణ్ని లొంగదీయడానికి ఒక బ్రహ్మాస్త్రం ఉంది. ఫౌజా సింగ్ గారి ఫొటో. 2000లో, 89వ ఏట లండన్‌లో ఆయన తొలి మారథాన్ పరుగెత్తారు. "ఆయనకు 89, నీకు 44, సిగ్గులేదా?" అని ఫార్వర్డు చేసే పెద్దమనిషి స్వయంగా సోఫాలోంచి లేవడు. ఆ సర్దార్జీ మహానుభావుడే, దణ్ణం పెడతాను. కానీ ఆయన పంజాబ్‌లో పొలం పనులు చేసిన రైతు. రాత్రి పదకొండింటికి బిర్యానీ ఆర్డరిచ్చి, "మ్యూట్‌లో ఉన్నారండీ" అనిపించుకున్న దాఖలాల్లేవు.

ఒకవేళ అన్నీ దాటి రోడ్డెక్కామే అనుకోండి. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన బైకులు, వాటి పక్కన మూతలేని మ్యాన్‌హోలు. ఏడాదికి ఒక్క ఆదివారం ఊరు మన కోసం రోడ్లు మూస్తుంది, మిగతా రోజులు రోడ్లే మనల్ని మూసేస్తాయి. వేగం పెంచే శిక్షణకు కోచ్ అక్కర్లేదు. తెల్లవారుజామున మా వీధి కుక్కలు ఉచితంగా, గుంపుగా ఇస్తాయి.

ఇన్ని చెప్పాక "అయితే వద్దంటావా?" అని అడుగుతారు. వద్దనను. పోటీ రోజు ముప్పై కిలోమీటర్ల ప్రాంతంలో ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ అడుగంటుతుంది. దాన్నే పరుగువాళ్లు "వాల్" తగిలిందంటారు. అక్కడ మన పోస్టుకు వచ్చిన లైకులు పనికిరావు. ఎవరూ చూడని మంగళవారాల్లో, చప్పట్లు లేని గురువారాల్లో పరుగెత్తిన కిలోమీటర్లే పనికొస్తాయి. కాబట్టి 42 కిలోమీటర్లు పరుగెత్తగలనా అన్నది ఆఖరి ప్రశ్న. మొదటి ప్రశ్న వేరే ఉంది: ఎవరూ చూడకపోయినా పరుగెత్తగలనా?

అది తేల్చుకోవడానికి నేనో పరీక్ష కనిపెట్టాను. ఫీజు కట్టకుండా, కొత్త బూట్లు కొనకుండా, ఆరు వారాలు, వారానికి మూడు రోజులు, నెమ్మదిగా, మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత వేగంతోనే పరుగెత్తాలి. తొమ్మిదిన్నరకల్లా పడుకోవాలి. ఫొటో తీయకూడదు. ఒక్క నరమానవుడికి కూడా చెప్పకూడదు. బావమరిదికి అసలే చెప్పకూడదు. ఆరు వారాలు నిలిస్తే అప్పుడు పేరు నమోదు చేసుకోవచ్చు. నిలవకపోతే పోయిందేమీ లేదు, పరువుతో సహా.

నిన్న తెల్లవారుజామున నేనే మొదలుపెట్టాను. పార్కు చుట్టూ రెండు కిలోమీటర్లు. మోకాలు ఏమీ అనలేదు, ఊపిరి కూడా సర్దుకుంది. మొదటి రోజుకు మిగతా షరతులన్నీ నెగ్గాను. ఆఖరి షరతు దగ్గరే బోర్లా పడ్డాను.

పత్రికలో అచ్చేయించుకున్నాను కదా!