ఉప్పు తిన్న ఇనుము

నన్ను పదిహేడు అంటారు. వెనక మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో రాసిన అంకె అది. పదహారు నా ఎడమపక్కన నిలబడుతుంది. పద్దెనిమిదిని మొన్న తుక్కువాడు కాటా వేసి పట్టుకుపోయాడు. పేరు లేదని బాధపడే వయసు నాకు ఎప్పుడో దాటిపోయింది.

ఉండేది పుదుచ్చేరిలో, మిషన్ వీధిని ఆనుకున్న ఒక సందులో. పొద్దున ఏడింటికి షట్టరు లేస్తుంది. దుకాణం కుర్రాడు మమ్మల్ని ఒక్కొక్కరినే బయటికి నడిపించి, టైరు నొక్కి చూసి, గాలి కొట్టి, వీధివైపు మొహం పెట్టి వరసగా నిలబెడతాడు. అద్దె గంటకు ముప్పై, రోజంతటికీ నూటయాభై. గుర్తింపు కార్డు ఏదైనా బల్లసొరుగులో పెట్టి వెళ్లాలి. మనిషి తన పేరూ ఊరూ సొరుగులో వదిలేసి, అంకె మాత్రమే ఉన్న నన్ను తీసుకుపోవడం ఇన్నేళ్లయినా నాకు వింతగానే ఉంటుంది.

మా వంశం అంబత్తూరుది. మద్రాసు పక్కన 1949లో మొదలైన సైకిళ్ల కంపెనీ మాకు పుట్టిల్లు. నేను ఆడవాళ్ల సైకిల్ని. నడుం దగ్గర బారు కిందికి వంగి ఉంటుంది, ముందు బుట్ట, వెనక చీర కుచ్చిళ్లు ఊచల్లో పడకుండా వల. మగవాళ్లు వస్తే ముందు నన్ను దాటుకుని చూస్తారు. డిసెంబరు చివరివారంలో మిగతావన్నీ వెళ్లిపోయాక, మొహం అదోలా పెట్టి నన్నే తీసుకుంటారు. అర కిలోమీటరు పోయేసరికి, కాలు ఎత్తి బారు దాటించక్కర్లేని సుఖం వాళ్లకీ తెలిసొస్తుంది. ఆ సంగతి ఒక్కరూ పైకి అనరు.

నాకు తెలుగు ఎలా వచ్చిందంటే, అది యజమాని చలవ. వాళ్ల తాతల తాతలు ఎప్పుడో తెలుగునేల వదిలి దక్షిణానికి దిగినవాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, టోపీ పెట్టుకున్న ముసలి ఫ్రెంచి దొర ఎవరైనా వస్తే నాలుగు ముక్కలు ఫ్రెంచి. రాతకోతలు మాత్రం తమిళంలోనే. ఈ ఊరికి అది కొత్తేం కాదు. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసిన ఆనంద రంగ పిళ్ళై తన దినచర్య తమిళంలో రాసుకున్నాడు. ఆయన పేరు మీద కస్తూరి రంగకవి తెలుగులో ‘ఆనందరంగరాట్ఛందము’ రాశాడు. పిళ్ళై ఇల్లు పెద్ద మార్కెట్టు దగ్గర ఇప్పటికీ ఉంది. చాలాసార్లు ఆ గోడకే ఆనించి నన్ను వదిలి పోయారు.

ఊరు తొక్కడానికి చాలా మంచిది. ఎత్తుపల్లాల్లేవు. వీధులు గీతపెట్టి గీసినట్టు ఉంటాయి, కొన్ని సముద్రం వెంట, కొన్ని సముద్రానికి అడ్డంగా. దారి తప్పితే ఉప్పుగాలి వచ్చేవైపు తిరిగితే సరి. మధ్యలో ఒక కాలవ. ఒకప్పుడు దానికి తూర్పున తెల్లవాళ్లు, పడమర తమిళులు ఉండేవాళ్లు. ఇప్పుడు దాన్ని దాటేవాళ్లంతా ముక్కు మూసుకునే దాటుతారు. అటు ఆవాలపసుపు గోడలు, కాగితంపూల తీగలు. ఇటు స్తంభాల అరుగుల ఇళ్లు. ఫొటోల కోసం అందరూ అటు తొక్కిస్తారు. ఎండలో నీడ కావాలంటే మాత్రం నాకు ఇటు అరుగులే నయం.

అటువైపు వీధుల మూలల్లో నీలం పలకల మీద ఫ్రెంచిలో పేర్లుంటాయి. ప్రతి పేరుకీ ముందు ‘రూ’ అని ఉంటుంది, వీధి అని అర్థం. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుర్రాడు నా మీద కూచునే స్నేహితుడికి గట్టిగా చదివి వినిపించాడు: “రూ ద్యూమా, రూ రొమేన్ రొలా... ఏంట్రా, ఈ ఊళ్లో సందుకి కూడా రేటు కట్టారా?” వాళ్లు నవ్విన నవ్వుకి నా హ్యాండిలు కూడా కాస్త ఊగింది.

ఆ కుర్రాళ్లే మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆరోవిల్ ప్రయాణం కట్టారు. మ్యాపులో పది పన్నెండు కిలోమీటర్లేగా అనుకున్నారు. చెన్నై రోడ్డు మీద బస్సులు హారను మోగిస్తూ చెవి పక్కనుంచే పోతాయి. ఆ రోడ్డు దిగి లోపలికి తిరిగాక ఎర్రమట్టి, సన్నగా మొదలయ్యే ఎగుడు. ఊరంతా చదునే అనుకుని వచ్చినవాళ్లని ఆ ఎగుడే దెబ్బ తీస్తుంది. మాతృమందిరం బంగారు గోళం దూరంనుంచి కనిపించేసరికి వాళ్ల నాలుకలు పిడచకట్టాయి. తిరుగు ప్రయాణంలో నన్ను ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. సైకిలు మీద మనిషి ఎక్కడం చూశారు గానీ, మనుషుల కాళ్ల మీద సైకిలు పడుకోవడం మీరెక్కడా చూసుండరు.

ఇక నా రోగం సంగతి. ఇనుముకి నీరూ గాలీ తగిలితే తుప్పు పడుతుంది. అందులో ఉప్పు కలిస్తే ఆ పని పరుగందుకుంటుంది. పైగా ఉప్పు ఊరుకోదు, గాల్లోని చెమ్మని లాగి ఒంటికి అంటించుకుంటుంది. అందుకే వాన లేని రోజున కూడా నేను లోలోపల తడిగానే ఉంటాను. మొదట రిమ్ముల మెరుపు మీద సూదిమొన అంత చుక్కలు లేస్తాయి. తరవాత ఊచల మొదళ్లు బిగుసుకుపోతాయి. ఆ పైన పెయింటు గీసుకుపోయిన చోటల్లా అట్టు పొరలా ఉబ్బుతుంది. అన్నిటికన్నా ఎక్కువ తినేది ఎక్కడో తెలుసా? సీటు కింద గొట్టం ఫ్రేములోకి దిగేచోట. ఎవరూ చూడరు అక్కడ.

ఈ ఊరి ఉప్పు తిన్నానని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఈ ఊరి ఉప్పే నన్ను తింటోంది. విచిత్రం ఏమిటంటే దానికి మందు పేరులో కూడా ఉప్పే ఉంది. నెలకోసారి కుర్రాడు ఉప్పుకాగితం తీసుకుని కూచుంటాడు. ఎర్రపొడి రాలేదాకా రుద్ది, గుడ్డతో తుడిచి, సిల్వరు పెయింటు పూస్తాడు. మూడునెలలకోసారి ఓవరాయిలింగ్. అప్పుడు నన్ను ముక్కలు ముక్కలుగా విప్పేస్తారు. బేరింగుల గుళ్లు కిరసనాయిలు డబ్బాలో మునిగి, నల్లగా దిగి తెల్లగా లేస్తాయి. ఇప్పటికి నాకు చక్రాలు రెండుసార్లు మారాయి, చైన్లు ఎన్ని మారాయో లెక్కలేదు, హ్యాండిలు పదకొండోదాని నుంచి పీకి పెట్టారు. పుట్టుకతో వచ్చినవి ఫ్రేమూ బెల్లూ, అంతే. అయినా నన్ను పదిహేడు అనే పిలుస్తారు. మనుషులు కూడా ఇంతేనేమో, నాకు తెలీదు.

సముద్రం నా ఒక్కదాన్నే తినడం లేదు లెండి. ఫ్రెంచివాళ్ల నాటి రేవు వంతెన 1952 తుపానులో పోయింది. దాని తరవాత కట్టిన వంతెనలో ఒక ముక్క 2022 మార్చిలో కెరటాల దెబ్బకి కూలిపడింది. ఆ వారమంతా మమ్మల్ని అద్దెకి తీసుకున్నవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న “అదెక్కడ?” అనే. ఇక్కడ ఒడ్డంతా బండరాళ్లు ఎందుకున్నాయో చాలామందికి తెలీదు. 1980ల చివర్లో దక్షిణాన హార్బరు కోసం రాతి అడ్డుకట్టలు వేశారు. ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువకాలం దక్షిణంనుంచి ఉత్తరానికి ప్రయాణిస్తుంది. ఆ నడక కాస్తా అడ్డుకట్ట దగ్గర ఆగిపోయింది, ఊరి ముందున్న ఇసుక కరిగిపోయింది, ఊరు కొట్టుకుపోకుండా రాళ్లు పోశారు. కొన్నేళ్ల కిందట వందల టన్నుల ఉక్కు కట్టడం ఒకటి తెచ్చి నీళ్లలోకి దించారు, కెరటం విరిగి ఇసుక నిలిచేలా. కొంత ఇసుక తిరిగొచ్చింది కూడా. ఇప్పుడు పిల్లలు అక్కడ కాళ్లు తడుపుకుంటారు. ఉప్పునీళ్లలో రాత్రీపగలూ నానుతూ ఇసుకని కాపలా కాస్తున్న ఆ ఉక్కు మా బంధువే. ఒడ్డున నిలబెట్టినప్పుడల్లా అటు చూసి ఒకసారి పలకరించుకుంటాను.

2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను వచ్చింది. ఒక్క రోజులో 45 సెంటీమీటర్లకు పైగా వాన. దుకాణంలో నా పెడళ్ల పైదాకా నీళ్లు. మర్నాడు యజమాని మమ్మల్నందరినీ తలకిందులుగా నిలబెట్టాడు. ఇరుసుల్లోంచి బురదనీళ్లు కారాయి. ఆయన ఏమీ అనలేదు. ఉప్పుకాగితం పది షీట్లు తెమ్మని కుర్రాడికి డబ్బులిచ్చాడు.

ఇదంతా ఎందుకు చెప్పుకొచ్చానంటే, ఆ పెద్దావిడ సంగతి చెప్పడానికి.

అది మార్గశిరం ఎండ. పన్నెండున్నర అయ్యుంటుంది. అరవై దాటిన మనిషి, నేతచీర, చేతిలో అట్ట ఫైలు. దుకాణం ముందు ఆగి మమ్మల్ని వరసగా చూసింది. తమిళం రాక చేత్తో సైగ చేసింది. యజమాని కార్డు అడిగి తీసుకుని, ఊరు చూసి తలెత్తాడు.

“యానామా అమ్మా? మేమూ ఇంట్లో తెలుగే మాట్లాడేది.”

“అమ్మయ్య! పొద్దుటి నించీ నోరు కట్టేసినట్టుందండి అన్నయ్యగారూ.”

యానాం ఎక్కడో గోదావరి పాయ మీద, కాకినాడ పక్కన ఉంటుంది. అయినా ఫ్రెంచివాళ్లు గీసిన గీత పుణ్యమా అని అది పుదుచ్చేరిలో భాగం. ఎనిమిది వందల కిలోమీటర్ల పైన దూరం. అక్కడివాళ్లు కొన్ని కాగితాల కోసం ఇంత దూరమూ వస్తారు. ఆవిడ పోయిన భర్త పింఛను పని మీద వచ్చింది. ఏ ఆఫీసో నేను చెప్పను. సంతకం పెట్టాల్సినాయన లేరు, నాలుగింటికి రమ్మన్నారట.

“మూడున్నర గంటలు ఎక్కడ కూచోనండి? సముద్రం చూద్దారని...”

“తొక్కను వచ్చునా అమ్మా?”

“ఆయ్, వచ్చండి. పెళ్లయ్యాక ముట్టుకోలేదు గానీ.”

ఆయన కుర్రాడి చేత సీటు రెండంగుళాలు దింపించాడు. ఆవిడ ఫైలు నా బుట్టలో పెట్టి, కొంగు బిగించి, ఎడమ పెడలు మీద కాలేసి మూడు గెంతులు గెంతి ఎక్కింది. నాకది తెలుసు, ఆ గెంతు పాతకాలపు అద్దె సైకిళ్ల మీద నేర్చుకున్నవాళ్లది. మొదటి యాభై గజాలు నా ముందుచక్రం పాములా పోయింది. కాలవ వంతెన దాటేసరికి భుజాలు వదులయ్యాయి. రూ ద్యూమాలో ఒక్క మనిషి లేడు, కుక్క కూడా లేదు. అయినా బెల్లు కొట్టింది. ఆగి మళ్లీ కొట్టింది.

గాంధీ విగ్రహం దగ్గర దిగి, నన్ను గోడకి ఆనించి, రాళ్ల మీద కూచుని ఫోను తీసింది. అవతల అక్కగారు కాబోలు.

“ఏం చేశానో చెప్పుకో చూద్దాం. సైకిలెక్కానే.”

“ఎవరి సైకిలే?”

“అద్దెదే. గుర్తుందా, నాన్న చేతిలో అర్ధరూపాయి తీసుకుని అద్దె సైకిలు తెచ్చుకుని, గంట అవుతోందని చివర్లో ఇద్దరం ఏడ్చేవాళ్లం...”

తరవాత మాట్లాడింది ఎక్కువ నాకు వినపడలేదు, కెరటాలు గట్టిగా ఉన్నాయి. చూస్తే ఆవిడ నవ్వుతోంది, కొంగుతో కళ్లూ తుడుచుకుంటోంది. ఆ మధ్యాహ్నం మేమిద్దరం సముద్రపు ఒడ్డు రోడ్డు ఈ చివరినుంచి ఆ చివరికి నాలుగుసార్లు తిరిగాం. 1836 నాటి దీపస్తంభం దగ్గర ఒకసారి, అటు చివర డూప్లే విగ్రహం దగ్గర ఒకసారి ఆగాం. సాయంత్రం ఆరింటినుంచి ఆ రోడ్డు మీద బళ్లు తిరగకూడదు. అందులో సైకిలు బండి కిందికి వస్తుందో రాదో ఎర్రటోపీ పోలీసాయన మనసుని బట్టి. కానీ అప్పటికి అంత పొద్దు పోలేదు. నాలుగుకి పది నిమిషాలే తక్కువ.

ఆవిడ చూసుకుని ఉలిక్కిపడింది. అంతే, నిలబడి తొక్కడం మొదలుపెట్టింది. కాలవ ఎగుడు దగ్గర నా చైను ఊడింది. అది నా తప్పే. ఆ వెనక పళ్లచక్రం ఎప్పుడో అరిగిపోయింది, సీజను కాబట్టి మార్చలేదు. ఆవిడ దిగి, చుట్టూ చూసి, ఒక పుల్ల ఏరుకుని, చైనుని కింద పళ్లకి తగిలించి పెడలు వెనక్కి తిప్పింది. టక్కున కూచుంది. పుల్లతో పూర్తిగా పని కాలేదు, చివర్లో వేళ్లే పెట్టింది. చేతులు నల్లగా అయ్యాయి. తుడుచుకోడానికి ఏమీ లేక అలాగే హ్యాండిలు పట్టుకుంది. ఆఫీసు ముందు నన్ను స్టాండు వేసి, అదే చేత్తో ఫైలు తీసుకుని లోపలికి పరిగెత్తింది.

అరగంటకి బయటికొచ్చింది. ఫైలు లేదు. లోపలే ఉంచుకున్నారు, సంతకం అయిందట. దుకాణానికి వచ్చాక యజమాని ఆవిడ చేతిలో కాస్త కిరసనాయిలు పోసి, సబ్బుముక్క ఇచ్చాడు. గంటల లెక్క వేసి, అద్దె ఒక గంటకే తీసుకున్నాడు. సొరుగులోంచి కార్డు తీసి ఇస్తుంటే ఆవిడ అంది:

“అట్ట మీద బొటనవేలి ముద్ర నల్లగా పడిందండి. గుమస్తా చూసి, ఇదేంటమ్మా అన్నాడు. సైకిలుదండీ అన్నాను. నమ్మలేదు.”

ఆ ఫైలు ఇప్పుడు ఏ బీరువాలో ఉందో. చైను గ్రీజు, నా పళ్లచక్రం అరుగుడు, ఆవిడ బొటనవేలి గీతలు, మూడూ కలిసిన మరక. అద్దెకి పోయిన ఇన్నేళ్లలో నేను వదిలి వచ్చిన ముద్ర అదొక్కటే. మర్నాడు పొద్దున్నే కుర్రాడు నన్ను తలకిందులు చేసి వెనకచక్రం విప్పాడు. పక్కన ఉప్పుకాగితం మడిచి పెట్టి ఉంది.