ఇంటిబిడ్డల వేలము

మన గడ్డమీద పుట్టిన బిడ్డలు మన గడ్డమీదనే, మన కన్నులయెదుటనే, జీతమునకు ఆడవలెనను సంకల్పము క్రికెట్టుతో తనివి తీరక ఇప్పుడు స్థానికుల లీగు రూపమున బాస్కెట్‌బాల్‌ను కూడ ఆవహించినదట. ఆవహించుటలో వింత లేదు. 2022లో ఆంధ్ర ప్రీమియర్ లీగు వెలసినది మొదలు, ఊరి పేరులోని తొలి అక్షరమునకు ‘పీఎల్’ తగిలింపని సంక్రాంతి పందెము ఈ రాష్ట్రమున వెదకినను దొరకదు; ఆ రెండక్షరముల మహిమచేత, కంప నరికిన బీటిలో టెన్నిసు బంతితో ఆడు ఆట ప్రీమియరగుచున్నది, చందా యిచ్చిన ఎరువుల అంగడివాడు ఓనరగుచున్నాడు, మైకు పట్టిన వాని మేనల్లుడు కామెంటేటరగుచున్నాడు. ఇక నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలలో ఆరున్నర అడుగుల మహాపురుషులెందరో చింతచెట్లక్రింద వ్యర్థముగా నిలిచియున్నారనియు, లీగొక్కటి వచ్చినచో వారెల్లరు చేయెత్తి రింగునందుకొందురనియు ఏ యుత్సాహవంతుడైన వేదికమీద పలికినచో, చప్పట్లు కొట్టకుండుట నావంటి అరసికునకే చెల్లును.

బాస్కెట్‌బాల్ లీగుల పూర్వకథ పొట్టిది. 2015లో మొదలైన యూబీఏ లీగులో హైదరాబాదు స్కై అను జట్టుండెను. కొన్నియేండ్లకే ఆ లీగు తెరమరుగైనది. 2022లో ఇండియన్ నేషనల్ బాస్కెట్‌బాల్ లీగు ఆరు నగరముల జట్లతో వచ్చినది: బెంగుళూరు, చండీగఢ్, చెన్నై, ఢిల్లీ, కొచ్చి, ముంబయి. తెలుగు నగరమొక్కటియు లేదు. 2025లో ఆ లీగువారే ఇరువదియైదేండ్లలోపు వారికి పెట్టిన పోటీలలో హైదరాబాదు ఫాల్కన్స్ కనబడినవి. జట్టు మనదైనను ఆటగాడు మనవాడు కానక్కరలేదు: కబడ్డీలో తెలుగు టైటాన్స్ పక్షమున ఏండ్లతరబడి కూత పెట్టిన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశమువాడు. సన్‌రైజర్స్ హైదరాబాదునకు నాయకుడైన ప్యాట్ కమిన్స్ ఆస్ట్రేలియావాడు. కనుక మనవాడే ఆడవలెనను కోరిక న్యాయమైనదే. అయితే ఈ ‘మనవాడు’ ఎవడు?

ఇచ్చట నా బుద్ధి చిక్కుకొన్నది; పాఠకులు కొంచెమోర్చుకొనవలెను. ఒక కుర్రవానిని తలచుకొందము. తండ్రిది దుత్తలూరు మండలము. తల్లి పుట్టినిల్లు వెలిగొండల కావల బద్వేలు. తొలి కానుపు పుట్టింట జరుగుట మన ఆచారము గనుక వాడు కడప జిల్లాలో కన్ను దెరచినాడు. జనన ధ్రువపత్రము ఆ జిల్లాదే. వానలు మొగము చాటువేయగా తండ్రి బేల్దారి పనికి బెంగుళూరు పోయినాడు. కొడుకు అక్కడి బడిలో నాలుగేండ్లు చదివినాడు. తరువాత అవ్వయొద్ద విడిచిపోగా ఆత్మకూరులో రెండేండ్లు, ఆపై గురుకులములో సీటు వచ్చి మఱియొక జిల్లాలో మూడేండ్లు. రేషను కార్డు దుత్తలూరుది, ఆధారు కార్డు బెంగుళూరుది. వీడు ఎవరి ఇంటిబిడ్డ? బద్వేలు మేనమామలు మావాడందురు. పెంచిన అవ్వ నావాడనును. వాని ఎత్తు ఆరడుగుల మూడంగుళములున్నదని తెలిసిననాడు గురుకులమువారు కూడ మావాడనియే అందురు. ఎత్తు లేనినాడు వీనిని ఎవరును అడుగరన్నది వేరు సంగతి.

ప్రభుత్వోద్యోగముల విషయమున ఈ చిక్కును 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు విప్పినది. అర్హతపరీక్షతో ముగియు వరుస నాలుగేండ్లు ఎచ్చట చదివెనో అచ్చటివాడే స్థానికుడన్నది దాని మాట. గుమాస్తాకు సరిపోయిన కొలత బంతికిని సరిపోవుననుకొందము. అప్పుడు ఆటను ఊహింపుడు: మనవాడు ముగ్గురిని తప్పించుకొని గాలిలోనికి లేచినాడు, బంతి రింగు అంచునకు వచ్చినది, ఇంతలో ఎదుటి జట్టు మేనేజరు లేచి, వీని ఆరవ తరగతి స్టడీ సర్టిఫికెట్టుమీద ప్రధానోపాధ్యాయుని ముద్ర లేదని అభ్యంతరము తెలిపినాడు. రిఫరీ ఈల ఊదినాడు. దస్త్రము తహశీల్దారు కార్యాలయమునకు పోయినది. సర్వరు డౌను. ప్రేక్షకులు సోమవారము రావలెను.

జిల్లా హద్దునైన నమ్ముదమన్న, అదియు కుదురుగా నుండదు. 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరువదియాఱైనప్పుడు గూడూరు బిడ్డలు రాత్రికి రాత్రి తిరుపతి జిల్లా బిడ్డలైరి, కందుకూరు బిడ్డలు మా నెల్లూరు బిడ్డలైరి. తల్లులకు నొప్పులు రాలేదు, గెజిట్టు కన్నది. ఇట్టి మాతృత్వమును నమ్ముకొని జెర్సీ కుట్టించువారి ధైర్యమునకు నమస్కారము.

జట్ల పేర్ల సంగతి ఒక్క వాక్యములో ముగించెదను: ఆంధ్ర ప్రీమియర్ లీగు 2025 జట్లలో సింహములు విశాఖకు పోయినవి, ఎద్దులు భీమవరమునకు పోయినవి, సింహపురి యని పూర్వనామము గల నెల్లూరునకు పిల్లి కూడ రాలేదు.

పరిహాసము చాలును. నేను చూచిన ఒక ఉన్నత పాఠశాల ఆవరణమును చెప్పెదను. బాస్కెట్‌బాల్ స్తంభమొకటి నిలిచియున్నది. రెండవది ఏ గాలివానకో కూలగా మొదలు మాత్రము నేలలో తుప్పుపట్టి మిగిలినది. పరుగెత్తు పిల్లల కాళ్ళు తెగకుండ దానికి ఎవరో పాత సైకిలు టైరు తొడిగినారు. నిలిచినదాని చెక్కపలక క్రింది సగమును చెదలు తినినది. రింగు ఒక ప్రక్కకు వ్రాలినది, వల యెన్నడో పోయినది. మధ్యాహ్న భోజనము వండు అమ్మ తడిగుడ్డలు ఆరవేసికొనుటకు ఆ స్తంభమునుండి వేపచెట్టునకు తీగ కట్టుకొన్నది. నేలయంతయు గులకరాళ్ళు, పల్లేరుకాయలు. బంతి కొట్టినచో ఎటు లేచునో బంతికే తెలియదు. ఆ ఆవరణములోనే ఒక తండ్రి తన కొడుకును చూపి నాతో అన్న మాట: “ఎత్తుండాడు సారూ మా వోడు. ఎత్తుండి ఏం జేసేది? బంతి యాడుండాది?”

ఆ ప్రశ్నకు ఏ లీగును ఇంతవరకు జవాబు చెప్పలేదు. 2023 డిసెంబరు 26న ఆరంభమైన రాష్ట్ర ప్రభుత్వపు ‘ఆడుదాం ఆంధ్ర’ పోటీలలో గ్రామ, వార్డు సచివాలయ స్థాయినుండి ఐదాటలు పెట్టినారు: క్రికెట్టు, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్. బాస్కెట్‌బాల్ లేదు. పెట్టినచో ఆడుటకు చోటెక్కడ? 1891లో స్ప్రింగ్‌ఫీల్డులో నైస్మిత్ దొర రెండు పీచు పండ్ల బుట్టలను వ్యాయామశాల బాల్కనీ కమ్మికి కొట్టి ఈ ఆటను పుట్టించినాడు, పడిన బంతిని తీయుటకు నిచ్చెన వేసినాడు. నూట ముప్పది యేండ్లు గడచినవి. మన మెట్ట మండలములలో ఆ రెండు బుట్టల పాటి వసతి కూడ లేని బడులున్నవి. సోమశిలలో 78 టీఎంసీలు నిలువచేయగల ఆనకట్ట నుంచుకొని, హైలెవల్ కాలువ నీటికొరకు మెట్టను ఏండ్లతరబడి ఆకాశము చూడనిచ్చిన దేశమిది. ఇచ్చట ముందు ప్రకటన పండును, పంట తరువాతి మాట. నాకు కోపము వచ్చుచున్నది, దాచుకొనను. విత్తనము వేయనివాడు, నీరు పెట్టనివాడు, కలుపు తీయనివాడు, కోతనాడు కళ్ళములో కాటా పట్టుకొని నిలిచి ‘ఇది మన పంట’ యనుట దొంగతనమే.

కాటా యనగా వేలము. 2024 ఆంధ్ర ప్రీమియర్ లీగు వేలములో 15.6 లక్షలు పలికిన నితీశ్ కుమార్ రెడ్డి అప్పటికే ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ తరపున దేశమంతట పేరు మ్రోగించినవాడు. మొలకకు ఎవరును పాట పాడరు. పంజాబులోని బల్లో కే గ్రామపు సత్నాం సింగ్‌ను 2015లో అమెరికా ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ జట్టు డల్లాస్ మావెరిక్స్ ఏబదిరెండవ ఎంపికగా తీసికొన్నదన్న, అంతకు ఎన్నో యేండ్లు ముందే లూధియానా అకాడమీ అన్నము పెట్టి ఆట నేర్పినది. ఏ ప్రీమియరు లీగును అతనిని కనలేదు. ఆడపిల్లల మాట యడిగినచో ‘రాబోవు కాలమున’ అందురు. ఆ కాలము పంచాంగములో లేదు.

బిడ్డలు స్థానికులైనంత మాత్రమున ఆట పవిత్రమగుననుకొనువారు ఫిలిప్పీన్స్ వైపు ఒకసారి చూడవలెను. అది వీధివీధినా రింగున్న దేశము. అచ్చట విసయాస్, మిండనావో ద్వీపముల కొరకు పెట్టిన విస్‌మిన్ సూపర్ కప్పులో 2021 ఏప్రిల్ 14న సికిహోర్ మిస్టిక్స్, లాపులాపు జట్లవారు రింగుక్రింద నిలిచి వేసిన బంతులు కూడ తప్పించుచు, ఫ్రీత్రోలు ఇష్టము వచ్చినట్లు విసరుచు ఆడిన తీరు చూచి లోకము నివ్వెరపోయినది. విరామమునాటికి 27–13. ఆట అంతటితో ఆగినది, సికిహోర్ జట్టు వెలివేయబడినది. ద్వీపము పేరు జెర్సీమీద చక్కగానే ఉండెను.

తనవానిని పరులు గెలిచి కొనిపోవు వ్యవహారము మా ఉదయగిరికి క్రొత్త కాదు. కృష్ణదేవరాయలు 1513లో ముట్టడి వేసి, ఏడాదిన్నర దుర్గము చుట్టు కాచుకొని, 1514లో గజపతులనుండి దానిని గెలిచి, ఇచ్చటి బాలకృష్ణుని హంపికి తీసికొనిపోయినాడు. పోయిన విగ్రహమునకు ఆయన మఱుసటియేట అక్కడ గుడియైన కట్టించినాడు. మా బిడ్డలను ఒక సాయంకాలపు పాటలో కొనుక్కొనిపోవు వారు ఏమి కట్టుదురు? నెల్లాళ్ళు దీపములు, పదినిమిషములకొకసారి నృత్యము, ఇంటికి వచ్చునాడు పాత జెర్సీ, బాకీపడిన జీతము. జీతము మాట అబద్ధమని అనదలచినవారు ఒప్పందపు కాగితములను బజారున పెట్టవచ్చును, చదివెదను.

లీగువారికి మనవి చేసి ముగించెదను. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో మండలమున కొక బడిలో సిమెంటు నేల పోయింపుడు. 3.05 మీటర్ల ఎత్తున రెండు రింగులు వంగనివి బిగింపుడు. చేతికి సరిపడు బంతులు కొనిపెట్టుడు. ఆడపిల్లలకును మగపిల్లలకును నెలనెల జీతమందు ఒక శిక్షకుని నియమింపుడు. పదేండ్లాగుడు. అంతవరకు మా ఊళ్ళ పేర్లు మీ జెర్సీలమీద వేసికొనవద్దు.