శంకుస్థాపన అక్కర్లేని డీపీఆర్

2025 జనవరి 1న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి హైదరాబాద్ నగరం ఉత్తర దిక్కుకు కొత్త సంవత్సరం కానుకగా రెండు మెట్రో లైన్లు ప్రకటించారు. ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కు 23 కిలోమీటర్లు, జేబీఎస్ నుంచి శామీర్‌పేటకు 22. మేడ్చల్ లైను దారిలో సుచిత్ర, కొంపల్లి దాటాక మా గుండ్లపోచంపల్లి పేరు కూడా ఉంది. ఇంకేం, మెట్రో కంటే ముందు ప్లాట్ల బ్రోకర్లు దిగిపోయారు. స్టేషన్‌కు అయిదే నిమిషాలట. ఏ సంవత్సరంలోనో మాత్రం చెప్పరు.

జూన్ వచ్చేసరికి డీపీఆర్‌లో, అంటే సవివర ప్రాజెక్టు నివేదికలో, మేడ్చల్ లైను 24.5 కిలోమీటర్లయింది. ఒక్క పిల్లరూ లేవకుండానే లైను కిలోమీటరున్నర సాగింది! మా ఊళ్లో అపారెల్ పార్కు ఉంది కాబట్టి కొలతల సంగతి మాకు తెలుసు. టేపు ఎన్నిసార్లు పెట్టినా కత్తెర పడందే చొక్కా కాదు. శామీర్‌పేట, ఫ్యూచర్ సిటీ లైన్లతో కలిపి మొత్తం 86.1 కిలోమీటర్లకు అంచనా 19,579 కోట్లు. ఫైలు ఢిల్లీ బయల్దేరింది. దానికి సుచిత్ర దగ్గర ట్రాఫిక్ జామ్ తగలదు కాబట్టి చేరే ఉంటుంది.

మాకు రైలు కొత్త కాదు. ఊరి పేరుతోనే స్టేషన్ ఉంది. 2012-13లో మంజూరైన ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల రెండో దశ మేడ్చల్ దాకా రావడానికి 2023 ఏప్రిల్ 8 దాకా పట్టింది. ఆ రోజు ప్రధాని మోదీ వచ్చి జెండా ఊపారు. మంజూరు వార్త పదో తరగతిలో చదివిన పిల్లవాడు ఉద్యోగంలో చేరి, బైకు కొనుక్కున్నాక రైలొచ్చింది. వచ్చాక ఇంటి నుంచి స్టేషన్‌కు ఏం ఎక్కి వెళ్లాలన్న ప్రశ్న మాత్రం ఎవరికి వారే తేల్చుకోవాలి.

మెట్రో వస్తే నీ గిరాకీ పోదా అని షేర్ ఆటో తమ్ముణ్ని అడిగాను. "మెట్రో దాంక జనాన్ని ఎవరు తీస్కపోతరు సార్?" అన్నాడు. ప్రణాళిక అంటే ఏమిటో తెలిసినవాడు అతనొక్కడే కనిపించాడు.

అందుకే మా తరఫున కూడా ఒక డీపీఆర్. మార్గం: ఇళ్ల మధ్య నుంచి రైల్వే స్టేషన్, అక్కణ్నుంచి హైవే మీద బస్టాపు, మళ్లీ ఇళ్లు. వాహనం: సందు మలుపు తిరగగల మినీ బస్సు. వేళలు: రైలు వెళ్లిపోయాక కాదు, రాకముందే స్టేషన్ చేరాలి. అపారెల్ పార్కులో షిఫ్టు వదిలే వేళకు గేటు ముందుండాలి. పిల్లర్లు: బస్టాపు బోర్డు తగిలించడానికి ఒకటి చాలు.

ఇందులో లోపాలూ లేకపోలేదు. భూసేకరణ లేదు. రక్షణ శాఖ అనుమతితో పని లేదు. కన్సల్టెంటుకు గిట్టుబాటు కాదు. శిలాఫలకం పెట్టేంత చోటూ కనబడదు. అన్నిటికంటే పెద్ద లోపం, ఇది ఎన్నికలకు ముందే పూర్తయిపోతుంది. అప్పుడు మళ్లీ ఓటు అడగడానికి వచ్చేవాళ్లకు ఇవ్వడానికి హామీ ఏం మిగులుతుంది?