‘ప్రొఫైల్ లింకు జతపరచవలెను’: సటీక తాత్పర్యం

మూలం: “దరఖాస్తుదారులు తమ లింక్డ్‌ఇన్ లింకు తప్పక జతపరచవలెను. ఆన్‌లైన్‌లో చక్కని ఉనికి గలవారికి ప్రాధాన్యం.”

టీక: హైటెక్ సిటీ ఋషులు దర్శించిన ఈ సూత్రంలో కఠిన పదాలు లేవు గనుక ప్రతిపదార్థం విడిచిపెడుతున్నాం. అయితే శాస్త్రం మొదలుపెట్టే ముందు అనుబంధ చతుష్టయం చెప్పాలన్నది పెద్దల నియమం. ఇక్కడ అధికారి, అంటే శాస్త్రానికి అర్హుడు, ఎవరంటే, పాతబస్తీ మొఘల్‌పురా గల్లీలో ఉంటూ బీకాం పూర్తిచేసి, ట్యాలీ నేర్చుకుని, దాదాపు 20 కిలోమీటర్ల అవతలి ఉద్యోగానికి ఫోన్‌లోంచే దరఖాస్తు పెట్టే కుర్రవాడో అమ్మాయో. విషయం వారి ముఖచిత్రం, పాత పోస్టులు, మిత్రుల జాబితా. ప్రయోజనం, కుప్పగా వచ్చిపడ్డ బయోడేటాల్లో చాలావాటిని చదవకుండానే పక్కన పెట్టగలగడం. ఇక మిగిలింది సంబంధం. జమాఖర్చులు రాయడానికీ, ఎప్పుడో రంజాన్‌కు పెట్టిన ఫొటోకూ ఏమిటా సంబంధం? సూత్రకారులు ఇక్కడ మౌనం వహించారు.

వ్యాఖ్యానం అంటే ఏమిటో ఈ నేలకు ఎవరూ వచ్చి నేర్పనక్కరలేదు. మల్లినాథ సూరిది మెదక్ జిల్లా కొల్చారం. రఘువంశం, కుమారసంభవం, మేఘసందేశం మూడింటికీ ఆయన రాసిన టీక పేరు సంజీవని. దుర్వ్యాఖ్యల విషం ఎక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందనీ, దాన్ని లేపి కూర్చోబెట్టడానికే తన పూనిక అనీ అవతారికలో చెప్పుకున్నాడు. మాఘుడికి సర్వంకష, నైషధానికి జీవాతువు, భారవికి ఘంటాపథం రాసిపెట్టాడు. భారవి మాటను కొబ్బరికాయతో పోల్చి, పగలగొట్టి లోపలి రసం చేతికిస్తానన్నాడు; ఎంత మర్యాద! పీచు చూసి తీపి తేల్చేసే పద్ధతి ఆయనకు తెలియదు పాపం. ఆధారం లేనిదీ అవసరం లేనిదీ రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. పెట్టుకుని ఊరుకోలేదు, ప్రతి సర్గ చివరా ఊరూ పేరూ రాసుకున్నాడు. తప్పు పట్టదలచినవాడు ఎవరిని పట్టుకోవాలో వెతుక్కోనక్కరలేదు. చెప్పుకుంటూ పోతే కిరాతార్జునీయం పదిహేనో సర్గలోని చిత్రకవిత్వం దాకా పోవచ్చు గానీ, మన అభ్యర్థి ఇంకా గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు.

ఆ ఒట్టులోని మొదటి సగం ఆధారం. గ్రంథానికి అర్థం చెప్పబోయేవాడు ముందు కర్త ఎవరో తేల్చుకుంటాడు. మకుటం తగిలించిన ప్రతి పద్యమూ వేమన ఖాతాలో పడిపోయింది. ట్యాగ్ తగిలించిన ప్రతి రాతా అభ్యర్థి మెడకు చుట్టుకుంటోంది. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించే ముందు రాతప్రతులు పోగుచేసి పోల్చి చూశాడు. నియామకాల అధికారికి అంత తీరిక లేదు. పేరు కొడతాడు, పైన తేలినవాడే అభ్యర్థి అనుకుంటాడు. పాతబస్తీలో ఒకే పేరు ఎంతమందికి ఉంటుందో, ఒకే మనిషికి టెన్త్ మెమోలో మహమ్మద్, ఆధార్‌లో మొహమ్మద్, డిగ్రీ పట్టాలో ఎండీ అని ఎన్ని పాఠాంతరాలు ఉండగలవో అతని లెక్కలోకి రాదు.

రెండో సగం అవసరం. పనికి కులమతాలు అవసరం లేదు, అయినా చూస్తారు; ఇక్కడ నవ్వు ఆగిపోతుంది. మన దేశంలో థోరట్, అట్టెవెల్ అనే పరిశోధకులు 4,808 దరఖాస్తులను 548 ఉద్యోగ ప్రకటనలకు పంపి, ఫలితాలు 2007లో ప్రకటించారు. చదువులు సమానంగా ఉన్నా, అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే పిలుపు వచ్చే అవకాశ నిష్పత్తి దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. అది కేవలం పేరు చూసి. అమెరికాలో అక్విస్టీ, ఫాంగ్ బయోడేటాలో మతం ఊసు లేకుండా, సోషల్ మీడియా ప్రొఫైల్‌లో మాత్రమే తెలిసేలా పెట్టి, 4,000 మందికి పైగా యజమానులకు దరఖాస్తులు పంపారు. దేశం మొత్తం మీద తేడా గట్టిగా తేలలేదు. రిపబ్లికన్ ప్రాంతాల్లో మాత్రం ముస్లిం అభ్యర్థి పట్ల వివక్ష స్పష్టంగా బయటపడింది. పేరుకే అంత అర్థం చెప్పిన మన దేశంలో, పేరుకు తోడు ముఖమూ వీధీ పండగా కూడా అందిస్తే ఎంత వ్యాఖ్యానం పుడుతుందో ఊహించడానికి పాండిత్యం అక్కరలేదు.

“ఇష్టం లేకపోతే ప్రొఫైల్ మానుకోవచ్చుగా” అని పూర్వపక్షం. మానుకుంటే, లేకపోవడమే సాక్ష్యమవుతుంది. భాట్ట మీమాంసకులు అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, ప్రమాణంగా ఒప్పుకున్న మాట నిజమే. కానీ అక్కడ ఉండి ఉంటే తప్పక కనబడేదైతేనే, కనబడలేదు గనుక లేదనవచ్చునన్నారు. లెక్కలు తప్పు లేకుండా కూడడం లింక్డ్‌ఇన్‌లో కనబడే గుణం కాదు. ఫొటో పెట్టడం ఇష్టంలేని అమ్మాయి ఫొటో పెట్టలేదు. దాన్నిబట్టి ఆమెకు జీఎస్టీ రిటర్నులు రావని ఏ మీమాంసకుడూ అనడు.

“బజారులో పెట్టింది ఎవరైనా చూస్తారు, రేపు సాటి ఉద్యోగిని బెదిరించేవాణ్ణి ఎలా కనిపెట్టాలి?” అన్నది బలమైన ఆక్షేపణ. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా, మనిషి తనంత తాను బహిరంగం చేసుకున్న సమాచారాన్ని తన పరిధి నుంచి తప్పించింది. కానీ స్నేహితుడు ట్యాగ్ చేసింది, అదే పేరున్న మరొకడు రాసింది, తనంత తాను పెట్టింది కాదు. బెదిరింపులు రాసినవాణ్ణి వద్దనండి, ఎవరూ కాదనరు. ఆ వెతుకులాట ఇంటర్వ్యూ అయ్యాక, ఎంపికతో సంబంధంలేని మరొకరు చేయాలి. ఏ పోస్టు చూశారో, ఆ ఖాతా ఇతనిదేనని ఎలా తేల్చుకున్నారో రాసి, జవాబు చెప్పుకునే వీలివ్వాలి. ఖర్చు అంటారా? పాత కంపెనీల్లో వాకబుకు ఏజెన్సీలకు డబ్బు కడుతూనే ఉన్నారు. అక్కడ జాయినింగ్ తేదీ ఒక్క రోజు తేడా వచ్చినా, కాగితం చూపించమని అభ్యర్థికి మెయిల్ వెళుతుంది.