గేర్‌బాక్సులో అమృతం

పాలసముద్రం చిలికితే వచ్చిన అమృతాన్ని దేవతలు ఆఖరి చుక్క దాకా తాగేశారనుకున్నాం. కొంత మిగిలిందట. కార్ల కంపెనీలు దాన్ని ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసి బిరడా బిగించాయి.

సర్వీస్ సెంటర్లో గేర్‌బాక్స్ ఆయిల్ మార్చమని అడిగి చూడండి. అడ్వైజర్ గారు జాలిగా నవ్వుతారు. "అది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్. మార్చక్కర్లేదు కాబట్టే డిప్‌స్టిక్ కూడా ఇవ్వలేదు." కొలిచే పుల్ల తీసేస్తే కొరత కూడా తీరిపోతుందన్నమాట! అదే పెద్దమనిషి అదే నోటితో బాడీకి టెఫ్లాన్ కోటింగ్, ఏసీకి క్రిమిసంహారం, డాష్‌బోర్డుకి పాలిష్ అర్జెంటని ఎస్టిమేట్ రాస్తారు. ఊరికే కూర్చున్న డాష్‌బోర్డుకి ఏటా సేవలు కావాలి. వేడిలో మగ్గే నూనెకి మాత్రం చావు లేదు.

ఆ వేడి పుట్టేది ఇంజినుకీ గేర్లకీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్లో. అందులో ఇంజిన్ తిప్పే పంపు ఒకవైపు, గేర్లను తిప్పే టర్బైన్ మరోవైపు. రెండూ ఒకదాన్నొకటి తాకవు. బండిని కదిలించే బలమంతా మోసేది మధ్యలో నూనే. పంపు జోరుగా, టర్బైన్ నింపాదిగా తిరిగినంతసేపూ ఆ తేడా వేడిగా మారి నూనెలోకే పోతుంది. సాయంత్రం అమీర్‌పేటలో ఆగుతూ కదులుతూ పోయే కారులో జరిగేది అదే. మే నెల ఎండ అదనం. వేగం అందుకున్నాక రెండింటినీ కలిపి పట్టే లాకప్ క్లచ్ అరిగితే ఆ పొడి చేరేదీ ఈ నూనెలోకే.

నూనె పాడైతే 60, 70లో నిదానంగా పోతున్నప్పుడు రంబుల్ స్ట్రిప్స్ ఎక్కినట్టు ఓ వణుకు పుడుతుంది. చూస్తే రోడ్డు నున్నగా ఉంటుంది. సరైన గ్రేడు నూనె మారిస్తే చాలాసార్లు పోయే జబ్బే అది. కౌంటర్లో దానికి వైద్యం ఒకటే: "ఈ మోడల్ అంతే సార్."

గేర్‌బాక్సులు తయారుచేసే జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్, నడిపే తీరును బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య నూనె మార్చమంటుంది. వాటిని కొని బిగించుకున్న కార్ల కంపెనీలేమో అక్కర్లేదన్నాయి. వండినవాడు పాచిపోతుందంటే వడ్డించేవాడు పోదంటున్నాడు. వారంటీ దాటాక బాధ ఎవరిదో వడ్డించేవాడికి బాగా తెలుసు.

మార్చడం ఓపిక పనే, కాదనను. బండిని సమంగా ఎత్తాలి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి గేర్లన్నీ ఓసారి వేయాలి. స్కానర్లో నూనె వేడి చూస్తూ, కంపెనీ చెప్పిన డిగ్రీల దగ్గర బిరడా విప్పితే సన్నగా కారాలి. అప్పుడే లెవెల్ సరిపోయినట్టు. పైగా పాన్ దించినా పాత నూనె చాలావరకు కన్వర్టర్లోనే ఉండిపోతుంది. డాష్‌బోర్డు తుడవడం దీనికంటే సుఖం.

లక్షన్నర కిలోమీటర్లు దాటాక పాట మారుతుంది. "ఇప్పుడు ముట్టుకోకండి సార్, కొత్త నూనె పోస్తే గేర్‌బాక్స్ పోతుంది." మొన్నటిదాకా అనవసరం, ఇవాళ్టి నుంచి ప్రమాదం. మధ్యలో ముహూర్తం ఏ పంచాంగంలోనూ లేదు. క్లచ్ ప్లేట్లు అరిగి గేరు జారుతున్నప్పుడే జనానికి నూనె గుర్తొస్తుంది. మార్చిన వారానికి బండి ఆగితే నింద కొత్త నూనెది. ఇక అసెంబ్లీ మొత్తం మార్చాలని లక్షల్లో ఎస్టిమేట్. ఓపిగ్గా కిందిదాకా చదవండి, నూనెకి లీటరు లెక్కన వేరే వేసి ఉంటారు.